నల్ల పట్టీ

కర్ర పట్టుకుని రోడ్డు దాటుతున్న ఆ మనిషి తనను కొట్టడానికే వస్తున్నాడనుకుంది తనూజ.

పొద్దున ఎనిమిదైంది. ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ పక్కన అంబులెన్సు ఆగి ఉంది. నందు దాని డ్రైవరు. లోపల పేషెంటును చూసుకునే టెక్నీషియను తనూజ. డ్యూటీ ఎక్కి పది నిమిషాలు కాలేదు, చేతిలో చాయ్ సగం కూడా కాలేదు.

“తనూజ అంటే నువ్వేనా?”

అడగక్కర్లేదు. వెనక కరెంటు స్తంభానికి వేలాడుతున్న ఫ్లెక్సీలో ఆమె మొహం పళ్లెమంత ఉంది. మూడు నెలల కిందట వేరే రాష్ట్రంలో కొండచరియలు విరిగిపడితే సాయానికి వెళ్లొచ్చిన అంబులెన్సు వాళ్లకు గల్లీ లీడరొకడు కట్టించిన స్వాగతం అది. అందులో లీడరు మొహం గంపంత. అసలు వానలో తడిసింది ఆయనే అన్నట్టు.

“నేనే. ఏమైందన్నా?”

అతను జేబులోంచి ఒక ప్లాస్టిక్ పట్టీ తీసి ఆమె ఒళ్లోకి విసిరాడు. నల్లది. దాని మీద బండి నంబరు, టైము, తనూజ సంతకం.

ఆమె గ్లాసు పక్కన పెట్టి పట్టీని వెలుగులోకి తిప్పింది.

ఒకేసారి పదుల మంది దెబ్బతిన్నచోట అంబులెన్సు వాళ్లకు ఒక పద్ధతి ఉంది. మనిషికి అర నిమిషం. చూడాలి, చేతికి పట్టీ కట్టాలి, పక్క మనిషి దగ్గరికి పోవాలి. ఎర్ర పట్టీ వాళ్లను ముందు మోసుకుపోతారు. పసుపు వాళ్లు కాసేపు ఆగగలరు. ఆకుపచ్చ వాళ్లు నడవగలరు. నల్ల పట్టీ కడితే మాత్రం ప్రాణం లేదని అర్థం. ఆ మనిషి కోసం ఇక ఎవరూ ఆగరు.

“ఇది కట్టింది నువ్వే గదా?”

“అవునన్నా. గాయన మీకేమైతడు?”

“ఏమైతడా? గీ దునియాల వాని కంటె దగ్గరోడు నాకు ఎవ్వడు లేడు. సైదాబాదోడు. లారీల లోడేస్కొని పోయి ఆ బురదల వడ్డడు. మనోడు! మనోన్ని గుర్తువట్టకపోతివి.”

“మొఖమంత బురదనే ఉండె...”

“నీ పట్టి సూసే, జేబుల లైసెన్సుల ఉన్న వాని పేరు సచ్చినోళ్ల లిస్టుల ఎక్కిచ్చిన్రు. పదోద్దుల నాడు వాని పెండ్లాం చేతుల గాజులు పలగ్గొట్టిన్రు. ఎరికేనా నీకు?” అతను ఒక అడుగు ముందుకేశాడు. “చెప్పు. ఎంతసేపు సూసినవ్ వాన్ని?”

“అర నిమిషం.”

అడిగిన ప్రతివాళ్లకూ ఆమె ఇదే చెప్పింది. రిపోర్టులోనూ ఇదే రాసింది.

“ఝూట్!” కర్ర నేలకేసి కొట్టాడు. చాయ్ దుకాణంలో తలలన్నీ ఇటు తిరిగాయి.

నందు మధ్యలోకొచ్చాడు. “ఏయ్ భాయ్, పొద్దుగాల్నే ఏందీ లొల్లి? ఆడ అరవై మంది వడి ఉన్నరు. మేము ఇద్దరం. నువ్వైతే ఏం జేస్తుంటివి?”

“నిన్నడగలే నేను. ఆమెను అడుగుతున్న. అర నిమిషం సూసినవా? నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు.”

తనూజకు కోపం నషాళానికంటింది. ఆ వాన మీద కోపం. ఇద్దర్ని పంపి అరవై మందిని అప్పజెప్పిన పెద్దల మీద కోపం. ఏం జరిగిందో ఒక్కమాటైనా అడగకుండా శాలువా కప్పి ఫొటోలు దిగిన వాళ్ల మీద కోపం. అన్నిటికంటే తన మీద తనకు పట్టరాని కోపం.

“పది సెకన్లు!” అని అరిచింది. “పదంటే పది. సాలునా? పక్కపొంటి చిన్నపిల్ల ఏడుస్తున్నది. చేతులు కొంకర్లు వోయినయ్. నాడి దొరకలే. ఇంకో ఇర్వై సెకన్లు సూడాలె. సూడలే! పట్టి కట్టి పిల్ల దిక్కు ఉరికిన. పిల్ల బతికింది. గాయన అప్పటికే పోయిండో, నేను ఇడిసివెట్టినంక పోయిండో నాకు తెల్వదు. గది తెల్వకనే రోజు సస్తున్న. పో, కంప్లైంట్ ఇయ్యి. రాజీనామా నా బ్యాగులనే ఉన్నది.”

నందు గిర్రున ఆమె వైపు తిరిగాడు. మూడు నెలలుగా పక్క సీట్లో కూర్చుంటున్నవాడు ఈ సంగతి ఇప్పుడే వింటున్నాడు.

వచ్చిన మనిషి మాత్రం దిగి రాలేదు. “పట్టి కట్టినంక ‘మాఫ్ చెయ్యి అన్నా’ అన్నవ్. తెలుగుల అన్నవ్. అన్నవా లేదా?”

తనూజ కోపం ఠక్కున దిగిపోయింది.

ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. అప్పుడు నందు ఇంకో వైపు ఉన్నాడు. అక్కడి జనానికి తెలుగు రాదు. అసలు ఆ వరసలో ఆ పిల్ల తప్ప ఊపిరున్నవాళ్లే లేరు.

“గది... గది మీకెవరు చెప్పిన్రు?”

అతను పడిపోకుండా కర్రను చంక కింద ఆనించుకుని, చొక్కా చేయి పైకి మడిచి, మణికట్టు ఆమె ముందుకు చాచి అన్నాడు: “ఇగో పట్టు, ఆ మిగిలిన ఇర్వై సెకన్లు గిప్పుడు సూడు.”