జనం ఉండాలి

"లాభం లేదు బావా. దీని మీద ఆ ఆట నడవదు," అన్నాడు బావమరిది, కంప్యూటర్ పక్కరేకు ఊడదీసి లోపలికి టార్చి వేసి చూస్తూ. "ఆట వచ్చింది నిన్నగాక మొన్న. నీ డబ్బా కొని పదేళ్లయింది."

"నడిపించు," అన్నాడు డ్రైవరు.

కుడికాలికి తొడ దాకా సిమెంటు కట్టు. ఆ కాలిని స్టూలు మీద చాపుకుని కుర్చీలో కూర్చున్నాడు. బస్సు స్తంభానికి గుద్దుకుని కాలు విరిగాక, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు నుంచి, అంటే నలభై రోజులుగా, రెండో అంతస్తులోని ఆ గది దాటలేదు. లిఫ్టు లేదు. కిటికీ తెరిస్తే చేతికందేటంత దూరంలో పక్కింటి గోడ, దాని మీద ఒక నీళ్ల పైపు. రోజంతా ఆ పైపునే చూసేవాడు. అలాంటి మనిషి ఇవాళ పొద్దున ఉన్నట్టుండి బస్సు నడిపే ఆట కావాలన్నాడు. నోరు తెరిచి ఏదో ఒకటి అడిగాడు, అదే పదివేలు అనుకుంది భార్య. కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడికి వెంటనే ఫోన్ చేసింది.

"బస్సు ఆటలే పాతవి బోలెడున్నాయి బావా. దీని మీద పరుగెడతాయి."

"వాటిల్లో రోడ్డుకి అడ్డంగా మనుషులు రారు. కొత్తదాంట్లో వస్తారట."

"మనుషులెందుకు? ఖాళీ రోడ్డయితే హాయిగా తోలుకోవచ్చు కదా."

"నడిపించరా," అన్నాడు డ్రైవరు మళ్లీ.

బావమరిది సంచిలోంచి మెమరీ పెంచే చిప్పు ఒకటి తీసి లోపల బిగించాడు. ఆట ఎక్కించబోతే డిస్కులో చోటు చాల్లేదు.

"అక్కా, మీ పెళ్లి వీడియో తీసేస్తే గానీ ఇది పట్టదు."

"తీసెయ్. అందులో నాకంటే మా అత్తగారే ఎక్కువ కనిపిస్తారు."

అక్కా తమ్ముళ్లిద్దరూ నవ్వారు. డ్రైవరు నవ్వలేదు. తెర మీద పాకుతున్న గీతనే చూస్తున్నాడు.

గంటన్నర పట్టింది. ఆట తెరుచుకుంది గానీ, బస్సు ఎక్కిళ్లు వచ్చినట్టు కదిలింది. అడుగు ముందుకి, ఆగడం. మళ్లీ అడుగు, ఆగడం. కంప్యూటర్ లోపల ఫ్యాను గోల పెడుతోంది.

"నీడలు తీసేస్తున్నా బావా."

"తీసెయ్."

"చెట్ల ఆకులు కూడా."

"తీసెయ్."

"వాన."

"వాన ఉండాలి."

"వానే దీని పీక పిసుకుతోంది. ఒక్కో చినుకూ ఇది గీసుకోవాలి మరి. పోనీ, జనాన్ని తీసేస్తా."

"జనం ఉండాలి."

"అన్నీ కావాలంటే ఎలా బావా?"

"అన్నీ ఎవడడిగాడు? ఇళ్లు తీసెయ్. ఆకాశం తీసెయ్. వాన, రోడ్డు దాటే మనుషులు, బ్రేకు. ఈ మూడూ ఉంటే చాలు."

బావమరిది అక్క వైపు చూశాడు. ఆయన చెప్పినట్టే చెయ్యమని ఆమె కళ్లతోనే చెప్పింది.

చివరికి తెర మీద చూడటానికేమీ మిగల్లేదు. ఇళ్లున్న చోట బూడిదరంగు డబ్బాలు, మనుషులకు ముక్కూ మొహమూ లేవు. కానీ వాన పడుతోంది. బస్సు కదిలింది.

డ్రైవరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. మలుపుల దగ్గర మెల్లగా తిప్పాడు. ప్రతి స్టాపులోనూ అంగుళం తేడా లేకుండా ఆపాడు. భార్య గుమ్మానికి ఆనుకుని, "చూశావురా, చేయి తిరిగిన మనిషి," అంది సంబరంగా.

మూడో స్టాపు దాటాక, పక్క బాట మీంచి ఒక బొమ్మ రోడ్డు మీదికి అడుగేసింది.

డ్రైవరు బ్రేకు మీటని గుద్దాడు. కీబోర్డు ఎగిరిపడింది. అదే క్షణంలో తెర బిగుసుకుపోయింది. మళ్లీ కదిలేసరికి బస్సు ఆ బొమ్మ మీంచి వెళ్లిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు.

ఆటని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. మళ్లీ మూడో స్టాపు. మళ్లీ ఆ బొమ్మ. మళ్లీ గుద్దాడు. సరిగ్గా అక్కడే తెర బిగుసుకుంది. నాలుగుసార్లు, ఐదుసార్లు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. పళ్లు బిగించి, కట్టులో ఉన్న కాలిని కూడా నొక్కుతున్నాడు.

"చాల్లెండి, ఇంక ఆపండి," అంది భార్య. ఆమె గొంతులో సంబరం పోయింది.

"ఇంకొక్కసారి."

బావమరిది మెల్లగా కీబోర్డు లాక్కుని, భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేం లేదు బావా. నేను చూస్తూనే ఉన్నాగా. నువ్వు టైముకే నొక్కావు. పాత మిషను, దానికి పట్టలేదు. అంతే."

డ్రైవరు అతని మొహంలోకి చూశాడు.

"ఆ రోజు బస్సు స్తంభానికి గుద్దుకోకముందు, వానలో రోడ్డు దాటుతూ ఒక పెద్దాయన దాని కింద పడి పోయాడు కదా. ఇక్కడికే వచ్చిన ఎంక్వయిరీ వాళ్లకి నేనూ ఇదే చెప్పాను. పాత బస్సు, తొక్కినా బ్రేకు పట్టలేదని. ఆ మాట మీదే డిపో మెకానిక్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు."

"ఉన్నమాటే చెప్పావు కదా బావా. అందులో నువ్వు బాధపడేదేముంది?"

"ఆ రోజు నా కాలు బ్రేకు మీదికి వెళ్లనే లేదురా."