మీసానికో టమాటా

టైలరు తన మీసాన్ని ఒక టమాటా మీద పందెం కాశాడు.

మీసమంటే అల్లాటప్పా మీసం కాదు. ఇరవై రెండేళ్ళుగా ఆముదం తాగి, దువ్వెన దెబ్బలు తిని, రెండు బుగ్గల మీదా చెరోవైపు కొమ్ములు తిరిగిన మీసం. కొలతలకు వచ్చినవాళ్ళు దాన్ని దగ్గరగా చూసి ఊపిరి బిగబట్టేవారు. అందుకే ఆయన కుట్టిన చొక్కాలన్నీ పొట్ట దగ్గర ఒక అంగుళం బిగుతు.

పందెం కాసింది కింది అంతస్తులో ఉండే తోడల్లుడితో. ఆయనకు వీధి మలుపులో సెలూను ఉంది. ఆ మీసం మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ, తన బాల్కనీలో పడే ఎండకు డబ్బాలో రాయి పాతినా కాయ కాస్తుందని టైలరు కోతలు కోశాడు.

"అన్నయ్యా, నువ్వు కుట్టిన గుండీయే నెల్లాళ్ళు నిలవదు. నువ్వు పెట్టిన మొక్కకి కాయ నిలుస్తుందా?" అన్నాడు తోడల్లుడు.

టైలరుకు రోషం వచ్చింది. "మూడు నెలలు చూడు. ఒక్క టమాటా అయినా కాయించకపోతే నా మీసం నీ కత్తికి ఇచ్చేస్తా. కాస్తే నువ్వేం చేస్తావు?"

"గుండు చేయించుకుని నెల్లాళ్ళు సెలూన్లో కూర్చుంటా."

టైలరు భార్య ఖాళీ గ్లాసులు తీస్తూ అంతా విన్నది. మీసం తీసెయ్యమని ఇరవై రెండేళ్ళుగా పోరుతున్న మనిషి, ఆ రోజు నుంచి మీసం ఊసే ఎత్తలేదు. కష్టకాలంలో కట్టుకున్నది తోడు నిలవడమంటే ఇదేనని టైలరు మురిసిపోయాడు.

పాత రంగు డబ్బాకు అడుగున చిల్లులు పొడిచి, మట్టీ ఎరువూ కలిపి నింపి, టమాటా నారు నాటాడు. రోజూ మెడలో టేపు తీసి మొక్క ఎత్తు కొలిచి కొలతల పుస్తకంలో రాసుకున్నాడు. నెలన్నర తిరిగేసరికి మొక్క నడుం దాకా వచ్చింది. ఒక సాయంత్రం గుత్తిగా మొగ్గలు కనిపించాయి. టైలరు కిందికి వినపడేలా గొంతు సవరించుకుని మీసం మెలేశాడు.

మర్నాడు ఎనిమిదింటికి లేచి చూస్తే మొక్క మీద ఒక్క మొగ్గా లేదు.

"రాలిపోయినట్టున్నాయండీ. పొద్దున్నే ఊడ్చేశాను," అంది భార్య చీపురు మూలన పెడుతూ.

విత్తనాల కొట్టతను ఎండ ఎక్కువైందన్నాడు. టైలరు లైనింగు గుడ్డతో పందిరి కుట్టి కట్టాడు. పూత నిలవలేదు. ఎండ చాలడం లేదన్నాడు. పందిరి విప్పాడు. పూత నిలవలేదు. నీళ్ళు తగ్గించమన్నాడు, పెంచమన్నాడు, ఆఖరికి టైలరు వీధి మొగలో కనపడగానే కొట్టు వెనక్కి వెళ్ళి దాక్కోవడం మొదలుపెట్టాడు.

ఇది పిట్టల పనే అని టైలరుకు అనుమానం వచ్చింది. షాపులో చొక్కాలు తొడిగే బొమ్మను తెచ్చి, తన చొక్కా వేసి, నల్లదారంతో మీసం కుట్టి, డబ్బా పక్కన కాపలా పెట్టాడు. ఎదురింటివాళ్ళు వారం రోజులు దానికి చెయ్యి ఊపారు. ఎంత ఊపినా తిరిగి ఊపకపోయేసరికి టైలరుకు పొగరెక్కిందని చెప్పుకున్నారు.

"అచ్చం మీలాగే ఉంది. ఒక్క మీసమే అతకలేదు," అంది భార్య.

ఇక పది రోజులే మిగిలాయి. టైలరుకు నిజంగానే గుండె జారింది. అద్దం ముందు మీసం రెండు చేతులతో పట్టుకుని, "నా పైపెదవి ఎలా ఉంటుందో నాకే గుర్తులేదే," అన్నాడు.

"నాకు గుర్తుందిలెండి."

"రేపటినుంచి తెల్లారకముందే లేచి నేనే కాపలా కాస్తా."

"మీకెందుకండీ ఆ శ్రమ? నిద్ర చాలకపోతే కత్తెర వంకరపోతుంది. ఎలాగూ లేస్తాను కదా, మొక్క సంగతి నేను చూసుకుంటాను."

ఇంతకంటే నమ్మకమైన కాపలా ఎక్కడ దొరుకుతుంది? టైలరు దుప్పటి ముసుగు తన్నాడు.

గడువు రోజు తోడల్లుడు తువ్వాలు భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని వచ్చాడు. ముగ్గురూ కలిసి మొక్కను ఆకు ఆకూ తిప్పి వెతికారు. ఒక్క పిందె కూడా లేదు. టైలరు కుర్చీలో కూర్చుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు నిమిషాల్లో ఇరవై రెండేళ్ళ మీసం పాత పేపరు మీద పడింది. గెలిచిన తోడల్లుడికే మనసొప్పక, దాన్ని పొట్లం కట్టి టైలరు చేతిలో పెట్టాడు.

అద్దంలో పైపెదవి, ఫొటో తీసేసిన చోట గోడలా తెల్లగా ఉంది. ఇక షాపుకు ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో టైలరుకు తోచలేదు.

భార్య ఎదురుగా వచ్చి నిలబడి చాలాసేపు చూసింది. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

"పెళ్ళి ఫొటోలో ఇలాగే ఉన్నారు. నవ్వితే ఎడమవైపు సొట్ట పడేది."

అంత బాధలోనూ టైలరుకు నవ్వొచ్చింది. సొట్ట పడింది.

మర్నాడు పొద్దున్నే, టైలరు ఇంకా గురక పెడుతుండగా, ఆమె ఎప్పటిలాగే బాల్కనీలోకి వెళ్ళింది. బొమ్మ మూతి మీది నల్లదారం పట్టి లాగేసింది. టమాటా మొక్క మీద నాలుగు పసుప్పచ్చ పూలు అప్పుడే విచ్చుకుని ఉన్నాయి. వాటిని ఒకసారి వేలితో నిమిరి, ఆ మొక్క పూత పట్టిన దగ్గర్నుంచీ మొదటిసారిగా, ఒక్కటి కూడా గిల్లకుండా లోపలికి వచ్చేసింది.