మొదటి ఈగ

“మేడమ్, ఈగను చూస్తానని ఎవరో మామ్మగారు వచ్చారు.”

మ్యూజియం అటెండరు నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

పురుగుల గదిలో పరిశోధకురాలు తల పట్టుకుని కూర్చుంది. ఎదురుగా గాజుమూత పెట్టెలో, సూదికి గుచ్చిన ఒకే ఒక్క నల్ల ఈగ. ఏ వాగు ఒడ్డుకెళ్ళినా మనుషుల నెత్తురు తాగే జాతి అది. ఆ జాతికి పేరు పెట్టింది ఈ ఈగను చూసే. డెబ్బై ఏళ్ళ కిందటి మాట.

అంతా ఒకటే జాతి అనుకున్నారు. జన్యువులు చూసి, కాదు, రెండని తేల్చింది ఆమె. కొండ మీద ఒకటి, కింద మైదానంలో ఒకటి. కంటికి మాత్రం రెండూ అచ్చు ఒకేలా ఉంటాయి.

ఈ మొదటి ఈగ ఏ రకమో తెలిస్తే పాత పేరు ఆ రకానికే. రెండోదానికి కొత్త పేరు పెట్టే భాగ్యం ఆమెది. సూదికి గుచ్చిన చీటీ మీద, ఈగను పట్టిన ఏటి పేరొక్కటే ఉంది. ఆ ఏరేమో కొండ మీదా పారుతుంది, కిందా పారుతుంది. ఒక్క కాలు తుంచి పరీక్షిస్తానంటే పైవాళ్ళు ససేమిరా అన్నారు.

సాయంత్రంలోగా వ్యాసం పంపాలి. లేకపోతే మూడేళ్ళ చాకిరీ నీళ్ళపాలే.

మామ్మగారు లోపలికొచ్చి, అడక్కుండానే కుర్చీ లాక్కుని, భూతద్దంలోంచి చూశారు.

“పాపం, బాగా చిక్కిపోయింది.”

“డెబ్బై ఏళ్ళుగా పస్తులు కదండీ,” అన్నాడు అటెండరు.

పరిశోధకురాలు గడియారం చూసుకుంది. “చూడటం అయిందా అండీ? నాకు చాలా పనుంది.”

“ఏం పనమ్మా?”

వదిలించుకుందామని రెండు ముక్కల్లో చెప్పింది.

“కిందేనమ్మా. వంతెన దాటాక పిండి మర ఉండేది. దాని వెనకాల,” అన్నారు మామ్మగారు తడుముకోకుండా.

పరిశోధకురాలికి ఒళ్ళు మండింది. హేమాహేమీలకే అంతుచిక్కనిది, ఈవిడ పక్కింటి సంగతిలా చెప్పేస్తోంది.

“నోటిమాట చాలదండీ. రుజువు కావాలి.”

“నిజమే. పెట్టె అడుగున పరిచిన అట్ట కింద ఇంకో చీటీ ఉండాలే, ఎత్తి చూశావా?”

“తీరిగ్గా చూస్తాను లెండి.”

ఆవిడేమీ అనుకోలేదు. ఈగ వైపు చెయ్యి ఊపి, “ఉంటానే,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

పరిశోధకురాలు ఐదు నిమిషాలు కూడా ఆగలేకపోయింది. పట్టకారుతో అట్ట అంచు లేపింది. అడుగున మడతలు పెట్టిన కాగితం.

‘మైదానంలో, వంతెన దాటాక, పిండి మర వెనక.’

ఆమె ఎగిరి గంతేసింది. అటెండరు చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పేసింది. మూడేళ్ళ కష్టం గట్టెక్కింది. సంతోషం పట్టలేక ఏడ్చేసింది కూడా.

“ఇంతకీ ఎవరావిడ?”

“పేరడిగితే, ఈగకి తెలుసులే అన్నారు మేడమ్.”

ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు. ఆవిడ ఎక్కిన బస్సు అప్పుడే మలుపు తిరిగిపోయింది.

తిరిగొచ్చి, ఆమె కాగితం చివరి మడత విప్పింది.

‘ఈగను పట్టింది నేను. అది వాలింది మా నాలుగేళ్ళ చిట్టితల్లి మోకాలి మీద. కుడుతున్నా కదలకుండా, నేను సీసా మూత పెట్టేదాకా నవ్వుతూనే కూర్చుంది.’