మోషే కొలువు పేరు

“ప్రెస్ ఆపరేటర్ అని కొడితే పెళ్లికార్డులు అచ్చేసేటోళ్ల కొలువులే వస్తున్నయి సార్,” అంది మహిమ, కంప్యూటర్ మీది నుంచి కళ్లు తిప్పకుండా.

వెనక నిలబడ్డ మేనేజర్ లక్ష్మీరాజం మోగుతున్న ఫోను తీసి, ఎవరో చూసి, కట్ చేసి మళ్లీ జేబులో వేసుకున్నాడు.

కరీంనగర్‌లోని ఆ ఆఫీసులో జీతాలు, నియామకాల పని మహిమ ఒక్కతే చూస్తుంది. పత్తి జిన్నింగ్ మిల్లు మాత్రం ఆదిలాబాద్‌లో ఉంది. అక్కడ దూదిని నొక్కి బేళ్లు కట్టే ప్రెస్సు మోషే చేతుల మీదుగా నడుస్తుంది. మేస్త్రీ ఇచ్చే కూలి తప్ప అతనికి జీతం చీటీ లేదు, హాజరు పుస్తకంలో పేరూ లేదు. మహిమ పుట్టిల్లు ఆదిలాబాదే. చర్చిలో మోషే డోలక్ వాయిస్తుంటే ముందు వరుసలో కూర్చుని వింటూ పెరిగిన పిల్ల ఆమె. పోయిన క్రిస్మస్‌కు ఇంటికి వెళ్లినప్పుడు కూడా అతను అదే మాట అడిగాడు.

“చెల్లె, నా పేరు కంపెనీల ఎక్కియ్యరాదు? బిడ్డ బడిల నాయినదేం కొలువు అని అడిగితే, ఏమని రాయాల్నో తెలుస్తలేదు.”

ఆమె ఎన్నిసార్లు రాసి పంపినా మిల్లు యజమాని సేటు తిప్పి పంపుతూనే ఉన్నాడు. అలాంటిది ఈ పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే లక్ష్మీరాజం వచ్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

“మోషేను కంపెనీ రోల్స్ మీదికి తీసుకోమన్నడు సేటు. గా పనికి బయట ఏం పేరున్నది, ఎంత ఇస్తుండ్రు, జర చూసి కాగితం తయారుజెయ్యి.”

“నిజంగనా సార్! ఏంది, ఇంత ఆత్రంగ?”

“లేబరాఫీసోళ్లు వస్తుండ్రు. కాగితం లేకుంట ఉండొద్దు.”

ఆమె ముఖం వెలిగిపోయింది. టీ కూడా తాగకుండా పనిలో దిగింది.

ఉద్యోగాల సైటులో మనం పిలుచుకునే పేరుతో వెతికితే ఏదీ దొరకదని మహిమకు తెలుసు. కొలువు ఇచ్చేవాడు ప్రకటనలో ఏ మాట రాస్తాడో ఆ మాట పట్టుకోవాలి. ‘ప్రెస్’ ముందు ‘బేల్’ చేర్చింది. పెళ్లికార్డులు పోయి, పాత కాగితాల గోదాములు వచ్చాయి. ‘కాటన్ జిన్నింగ్’ అని కలిపింది. గోదాములు పోయాయి. ఆదిలాబాద్ అని పెడితే ఒక్కటీ రాలేదు. అక్కడి మిల్లులు మేస్త్రీలకు కబురు పెడతాయి తప్ప ప్రకటనలివ్వవు. ఊరి పేరు తీసేసి నాగపూర్, యవత్మాల్ అని కొట్టింది. తెర నిండిపోయింది.

మోషే ప్రెస్సు నడపడమే కాదు, అది మొరాయిస్తే విప్పి బాగుచేసేదీ అతనే. ఏమేం బాగుచేస్తాడో అతన్నే అడుగుదామని ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

“మిల్లు మోతల వినబడనట్టుంది,” అంది.

లక్ష్మీరాజం కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

ఆమె ‘హైడ్రాలిక్’, ‘ఫిట్టర్’ అని రెండు మాటలు చేర్చి గట్టిగా పిలిచింది. “ఇగో సార్! హైడ్రాలిక్ బేల్ ప్రెస్ ఆపరేటర్. మనమిచ్చేదానికి రెండింతలు ఇస్తుండ్రు బయట.”

“గది నడువదు. హెల్పర్ అని కొట్టు.”

“హెల్పరా? మూటలు మోసేటోళ్లు, ఊడ్శేటోళ్లు వస్తరు సార్. మోషన్న మిషన్ నడిపేటోడు. రేపు పీఎఫ్ గానీ, దెబ్బ తాకితే వచ్చే పైసలు గానీ గీ జీతం మీదనే లెక్కగడ్తరు. తక్కువ రాస్తే ఆయనకే నష్టం.”

“రెండింతలని రాస్తే సేటు చింపి పారేస్తడు. ఎప్పటిలెక్కనే అయితది. ముందుగాల పేరైతే ఎక్కనీ మహిమా. పెంచుడు తర్వాత సంగతి.”

మహిమకు అతని మాటలో అబద్ధమేమీ కనిపించలేదు. సేటు సంగతి ఆమెకూ తెలుసు. పెద్ద జీతం కోసం పట్టుపడితే, అందిన కాస్తా చెయ్యి జారిపోతుంది. ఏరి ఏరి చేర్చిన మాటలను ఒక్కొక్కటిగా తీసేసింది. హైడ్రాలిక్ పోయింది. ఫిట్టర్ పోయింది. నాగపూర్ పోయింది. చివరికి ‘హెల్పర్’ అన్న ఒక్క మాట మిగిలింది. దానికి ఎదురుగా ఉన్న చిన్న జీతాన్ని కాగితం మీదికి ఎక్కించింది.

“తేదీ పోయిన నెలది వెయ్యి,” అన్నాడు లక్ష్మీరాజం.

“ఎందుకు సార్?”

“గా నెల గూడ సర్వీసుల కలుస్తది గదా.”

అది మంచిదే అనిపించింది ఆమెకు. వేసింది.

“కింద ఒక ముక్క రాయి. హెల్పర్లు మిషన్ ముట్టద్దు అని.”

ఆమె చేతులు ఆగాయి. “మరి ప్రెస్సు ఎవలు నడుపుతరు?”

“అన్ని మిల్లులల్ల రాసే మాటనే. ఎవలు సదువుతరు?”

రాసింది. ప్రింటరు లోంచి వేడిగా వచ్చిన కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టింది. లక్ష్మీరాజం దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని గబగబా తలుపు దాకా వెళ్లాడు.

“సార్,” అని పిలిచింది మహిమ. “గీ ముచ్చట నేనే చెప్త మోషన్నకు. పేరు ఎక్కిందంటే ఖుషీతోని ఏడుస్తడు.”

అతను గడప మీద ఆగాడు. ఆమె వైపు తిరగలేదు.

“మోషే పొద్దుగాలనే ప్రెస్సుల పడి సచ్చిపోయిండు.”