ఆరు సున్నాలు

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో కూతురు తండ్రిని చెయ్యి పట్టుకుని ఆపేసింది. టైలరైన ఆ తండ్రి కుడి అరచేతికి అడ్డంగా కట్టు ఉంది. పొద్దున కాలుతున్న ఇస్త్రీపెట్టె మీద చెయ్యి ఆనించి, గుమ్మంలో ఎవరితోనో కబుర్లు చెబుతూ నిలబడ్డాడు. ఆ మాడు వాసన ఎక్కణ్ణుంచా అని వెతికింది కూడా ఆయనే!

"మెల్లగా మాట్లాడవే తల్లీ! నర్సు వింటే కొంప మునుగుతుంది."

"మునగనీ. చేతులు మొద్దుబారి రెండు నెలలైంది. రేపు కాళ్ళు, ఎల్లుండి ఇంకేదో. ఈ మందు పడట్లేదని చెప్పేయ్ నాన్నా."

టైలర్ ఆమె వేళ్ళని తీసుకుని తన మెడ మీద పెట్టాడు. మొదటి ఇంజెక్షన్ నాటికి నిమ్మకాయంత ఉన్న క్యాన్సర్ గడ్డ ఇప్పుడు చింతగింజంత అయింది.

"పడట్లేదా? ఇది బజార్లో దొరికే మందు కాదు. ఇంకా పరీక్షల్లోనే ఉంది. ఈ ట్రయల్లో ఉన్నన్నాళ్ళే నాకిది ఇస్తారు. తిమ్మిరని నోరు జారానా, పేరు కొట్టేస్తారు. పిండిమిల్లు ఆయన్ని ఏం చేశారో మర్చిపోయావా?"

ఆమె మర్చిపోలేదు. మొదట మొత్తం ఏడుగురు. పిండిమిల్లు ఆయనొక్కడే ఫారంలో తిమ్మిరెంత అని అడిగినచోట పదికి నాలుగు వేశాడు. మర్నాడే ట్రయల్ నుంచి తీసేశారు. నలభై రోజులు తిరక్కుండా పోయాడు.

లోపల మిగతా ఐదుగురూ అప్పటికే ఫారాలు నింపుతున్నారు. మధ్యలో కండక్టర్ బాబాయ్. రిటైరైనా గొంతు మాత్రం బస్సులోనే ఉండిపోయింది.

"రావాలి, రావాలి! తిమ్మిరెంత? సున్నా. నొప్పెంత? సున్నా. మరీ అన్నీ సున్నాలైతే అనుమానం వస్తుంది, నిద్ర దగ్గర ఒకటి వేసుకోండి."

"కాలి కింద బ్రేకుందో లేదో తెలీక లారీ ఎక్కడమే మానేశాను బాబాయ్," డ్రైవర్ గొణిగాడు.

"నిన్నెవరైనా బ్రేకు సంగతి అడిగారట్రా? సున్నా వెయ్!"

"నేను సుద్దముక్క పట్టుకోలేక బడికి సెలవు పెట్టాను," అంది టీచరమ్మ. "పిల్లలకి వేసిన సున్నాలన్నీ తిరిగొచ్చి నాకే తగులుకున్నాయి."

అందరూ నవ్వారు. టైలర్ కూతురు నవ్వలేదు.

నర్సు పిలిచింది. బల్ల మీద ఒక చొక్కా పెట్టి, "కళ్ళు మూసుకుని గుండీలు పెట్టండి," అంది.

టైలర్ వేళ్ళకి గుడ్డ ఏదో, గుండీ ఏదో తెలియడం లేదు. కానీ నలభై ఏళ్ళ అలవాటు వాటిని నడిపించింది. గుండీలన్నీ టకటకా పెట్టేశాడు.

"టైలర్ గారికి పెట్టాల్సిన పరీక్షేనా ఇది!" నర్సు నవ్వింది. అంతలోనే ఆమె చూపు కట్టు మీద పడింది. "అదేంటి?"

"ఇస్త్రీపెట్టె చుర్రుమందమ్మా. మా పనిలో మామూలే."

"కాలినప్పుడు తెలిసిందా?"

"తెలీకపోవడమేంటి? వీధంతా అదిరేలా అరిచాను!"

నర్సు ఈసారి నవ్వలేదు. కూతురి వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఇంట్లో ఈయనకి స్పర్శ బాగానే ఉంటోందా? నీ సంతకం లేకపోతే ఈ ఫారం చెల్లదు."

కూతురు నోరు తెరిచింది. తండ్రి ఆమె వైపు చూడటం లేదు. తల వంచుకుని కట్టు సర్దుకుంటున్నాడు. వంగిన ఆ మెడ మీద చింతగింజంత గడ్డ.

"బాగానే ఉంది సిస్టర్," అంది. "పొద్దున నిజంగానే అరిచాడు. నేనే పరిగెత్తుకెళ్ళాను."

సంతకం పెట్టింది.

గంట తర్వాత పెద్ద డాక్టర్ ఆరుగురినీ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళనీ తన గదిలోకి పిలిచాడు. చేతిలో ఆరు ఫారాలు. ముఖం వెలిగిపోతోంది.

"నాకు మాటలు రావట్లేదండీ! పిండిమిల్లు ఆయన పోయాక నాకు నిద్ర పట్టలేదు. రూలు మార్చమని పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. మీలో ఇంకొక్కరు తిమ్మిరి అన్నా సరే, ఎవర్నీ తీసేయొద్దు, అందరికీ డోసు సగానికి దించి కొనసాగించండని ఈ పొద్దునే ఆర్డరొచ్చింది."

"సగానికా?" టైలర్ కూతురు తండ్రి కట్టు వైపు చూసింది. "మందు ఆపకుండానే?"

"ఇప్పుడా అవసరమే లేదు కదమ్మా! ఒక్కరికీ ఏ బాధా లేదుగా. అందుకే సోమవారం నుంచి అందరికీ డబుల్ డోసు!"