ఏమీ రాని పిల్ల

"నువ్వు వియత్నాం పిల్లవనుకో. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, సరేనా?" అంటూ నౌషీన్ ఫోన్లో రికార్డింగ్ నొక్కింది.

ఆమెకు హనోయిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం దాదాపు ఖాయమైంది. పాఠం చెబుతున్న వీడియో ఒకటి సాయంత్రంలోగా పంపాలి. విద్యార్థిగా కూర్చోవడానికి ఇంట్లో దొరికింది చెల్లెలు ఆలియా. బందరులోనే ఎనిమిదో తరగతి చదువుతోంది.

"వై ఈజ్ ద బాయ్ క్రయింగ్?" బొమ్మ చూపించి అడిగింది నౌషీన్.

ఆలియా బిక్కమొహం వేసింది.

మళ్లీ నెమ్మదిగా అడిగితే గోళ్లు కొరుక్కుంది.

"అబ్బ, ఎంత బాగా నటిస్తున్నావే! చాలు, ఇక జవాబు చెప్పు."

"ఏం చెప్పాలి?"

"నేనడిగిందానికే! టైమైపోతోంది."

"నాకు నిజంగానే అర్థం కాలేదు, ఆపా." ఆలియా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బళ్లో అన్నీ ఇంగ్లీషులోనే చెప్తారు. నేను బట్టీ పడతాను."

"మరి నన్నెప్పుడూ అడగలేదేం?"

"అడిగాను. ఇంత పెద్దదానివై ఇదీ రాదా అని నవ్వావు."

ఎంత ఆలోచించినా నౌషీన్‌కి తను నవ్వినట్టే గుర్తు రాలేదు. ఆమెను భయపెట్టింది అదే. రికార్డింగ్ ఆపేసి చెల్లెలి పక్కన కూర్చుంది. ఉద్యోగం వస్తే వచ్చే నెలే ప్రయాణం.

"ఎప్పట్నుంచి అర్థం కావట్లేదే?"

ఆలియా వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

"మూడో తరగతి నుంచి."