నీళ్ళు అక్కర్లేదు

“ఇంకొంచెం లోపలికి దిగాలి బాబాయ్. వేళ్ళ దాకా వెళ్ళకపోతే ఇది చెప్పే మాటకి విలువుండదు.”

లక్ష్మీకాంత్ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు ఇనప పుల్లలున్న సెన్సరును మిరప మొక్క పక్కన నల్లరేగడిలోకి నొక్కుతున్నాడు. దాని తీగను పక్కన పాతిన గొట్టానికి బిగించిన పెట్టెకు కలిపాడు. పెట్టె మీద అరచేయంత సోలార్ పలక ఉంది. ఆ చేను చేసుకుంటున్న యలమందయ్య ఫోను పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు.

“సిగ్నల్ వచ్చిందా బాబాయ్?”

“ఒక గీత వచ్చి పోతోందయ్యా. మా ఊళ్ళో మనుషుల ఫోన్లే పలకవు, నీ పుల్ల ఏం పలుకుద్ది?”

లక్ష్మీకాంత్ గొట్టాన్ని కాస్త ఎత్తు చేసి, యాంటెన్నాను పర్చూరు రోడ్డు వైపు తిప్పాడు. ఫోను టింగుమంది. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. ‘తేమ ఉంది. నీళ్ళు అక్కర్లేదు.’

యలమందయ్య మొహం విప్పారింది. పాపం, ఆయన భయం ఆయనది. నిరుడు నీళ్ళెక్కువై వేరుకుళ్ళు వచ్చి చేను చేనంతా నిలువునా పోయింది. పొలం చూస్తే కౌలుది. ఈ ఏడూ పంట పోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని పొలం గలాయన మొహం మీదే చెప్పాడు. ఆ పొలం పోతే యలమందయ్యకి చేసుకోడానికి ఇంకేమీ లేదు.

“ఇక మట్టి పిసికి చూసుకునే పని లేదు. ఇది పెట్టమన్నప్పుడే తడి పెట్టండి. మీ కళ్ళకన్నా దీన్ని నమ్మండి” అన్నాడు లక్ష్మీకాంత్. గుంటూరులో చిన్న కంపెనీ, కొత్త ఉద్యోగం. మాటలో ఆ కొత్త ఊపు ఉంది.

కలుపు తీస్తున్న సుబ్బరావమ్మ లేచి వచ్చింది. యలమందయ్య భార్య.

“అయితే చేను బతుకు దీని మీదేనా నాయనా?”

“దీని మీదే పిన్నీ. మేకలు రాసుకోకుండా, ఎవరూ కదపకుండా చూసుకోండి.”

“ఆ భారం నాది” అందావిడ.

నెల దాటింది. గుంటూరు ఆఫీసులో లక్ష్మీకాంత్ రోజూ కంప్యూటర్లో ఆ చేను తేమ గీత చూసుకునేవాడు. పొద్దున్నే గీత పైకి లేచేది, సాయంత్రానికి కాస్త దిగేది. చలికాలం కదా, మంచు పదును అనుకున్నాడు. తోటి ఉద్యోగులకు కూడా గొప్పగా చూపించాడు.

ఊళ్ళో అందరూ మిరపకి తడి పెట్టారు. యలమందయ్య పెట్టలేదు. “ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, నీకేం వచ్చిందిరా?” అని పక్కచేను ప్రకాష్ అడిగాడు. యలమందయ్య ఫోను తీసి చూపించాడు. చూపించాడే గానీ ఆ సాయంత్రం ఉండబట్టలేక లక్ష్మీకాంత్‌కి ఫోన్ చేశాడు.

“ఆకు వాలిపోతోంది బాబూ. ఒక్క తడి ఇవ్వనా?”

“వద్దు బాబాయ్. ఎండకి వాలతాయి, మళ్ళీ లేస్తాయి. నిరుడు ఈ తొందరే మీ కొంప ముంచింది.”

“నేల నెర్రెలిచ్చిందయ్యా.”

“రేగడి పైపైన అలాగే ఉంటుంది. లోపల తేమ ఉంది, నాకు కనిపిస్తోందిగా. పెట్టె ఏమన్నా కదిలిందా?”

“కదలడం దేనికి? మా ఆవిడ నన్నే దాని దరిదాపులకి రానివ్వట్లా.”

“పిన్ని మీద నాకు నమ్మకమే” అని నవ్వి పెట్టేశాడు లక్ష్మీకాంత్.

మళ్ళీ ఫోన్ వచ్చినప్పుడు యలమందయ్య ఒకే మాట అన్నాడు, వచ్చి నీ సామాను తీసుకుపొమ్మని.

లక్ష్మీకాంత్ వెళ్ళేసరికి పెట్టె, గొట్టం, సెన్సరు వసారాలో ఓ మూల పడి ఉన్నాయి. చేలోంచి పీకి తెచ్చారు. దారిలో చేను చూసే వచ్చాడు. చెట్ల కింద రాలిన పూత గాలికి కొట్టుకుపోతోంది. పక్కన ప్రకాష్ చేను పచ్చగా ఉంది. ఆ ప్రకాషే అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

లక్ష్మీకాంత్ సెన్సరును పెరట్లో పొడి మట్టిలో గుచ్చాడు. ‘తడి పెట్టండి’ అంది ఫోను. తొట్టి పక్కన బురదలో గుచ్చాడు. ‘నీళ్ళు అక్కర్లేదు’ అంది.

“ఇక్కడ సత్యహరిశ్చంద్రుడిలాగా చెబుతోందే. మరి వీడి చేలో ఎందుకు అబద్ధమాడినట్టు?” అన్నాడు ప్రకాష్.

లక్ష్మీకాంత్‌కి తల కొట్టేసినట్టయింది. చదివిన చదువు, ఆఫీసులో చూపించుకున్న గీత, అన్నీ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

యలమందయ్య తిట్టలేదు. తిట్టి ఉంటే నయంగా ఉండేది.

“నిన్ను అనను బాబూ. పుట్టి బుద్ధెరిగాక వ్యవసాయం తప్ప వేరే పని చెయ్యలేదు నేను. మొక్క కళ్ళ ముందు మాడిపోతుంటే ఫోను చూసుకుని ఇంటికొచ్చా. ఇక రైతునని చెప్పుకోడానికి నాకు మొహం లేదు. పొలం గలాయన పొద్దున వచ్చి చూసి వెళ్ళాడు. వచ్చే ఏడు వేరేవాళ్ళు చేస్తారంట.”

ప్రకాష్ కూడా తల దించుకున్నాడు. లక్ష్మీకాంత్ సామాను సంచిలో సర్దుకుని బయటికొచ్చాడు. బండికి తాళం పెడుతుంటే వెనకాలే సుబ్బరావమ్మ వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి ఆవిడ కళ్ళు వాచిపోయాయి.

“తప్పంతా నాదే పిన్నీ. మీ నోటి కాడ కూడు తీసేశాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.”

“నిన్నెందుకు అనుకుంటాం నాయనా.” ఆవిడ ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. “ఆయనకి చెప్పలేదు, చెప్పడానికి నోరు రావట్లా. నా వల్లే ఏదో అపచారం జరిగుంటుంది.”

“మీరేం చేశారు పిన్నీ?”

“ఏం చేశానో అదే తెలియట్లేదు. ఒక్క పూట కూడా మానలేదు.”

“ఏది మానలేదు?”

“రోజూ తెల్లారకముందే చేలోకెళ్ళి నీ పుల్లల మొదట్లో చెంబెడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకున్నానయ్యా.”